ఆకు పసుపైతే యూరియా వేయాలా? – పెరటి మన్ను పరీక్ష గురించి ఒక పాఠం

ఈ బులెటిన్‌లో నన్ను సాధారణంగా బ్యాంకు పరీక్షల గురించో, విద్యారుణాల గురించో రాయమంటారు. ఈసారి మన్ను గురించి రాస్తానంటే కమిటీవారు కొంచెం ఆశ్చర్యపడ్డారు. నేను బి.కాం. చదివినవాణ్ణి. రసాయన శాస్త్రం నాకు హైస్కూలుతోనే సరి. అయినా ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. దాని ఖర్చు నా మీద కాక ఇంకొకరి మీద పడింది. ఆ తప్పును సరిదిద్దింది ప్లస్ వన్ చదివే ఒక అమ్మాయి. ఆ అమ్మాయి చేసిన పని మీలో ఎవరైనా చేయగలిగినదే కాబట్టి పాఠంగా రాస్తున్నాను. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకు పెద్దలు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను.

మేముండేది కోయంబత్తూరుకు తూర్పున, సూలూరు వైపు. నల్లనేల. వానకు చెప్పులకు అంటుకుంటుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. గడ్డపారతో తవ్వితే మధ్యమధ్య తెల్లటి సున్నపు గడ్డలు వస్తాయి, శనగగింజంత మొదలుకొని నిమ్మకాయంత వరకు. మా పెరడు రెండు సెంట్లు. ఒక కరివేపాకు చెట్టు, ఒక నిమ్మ, రెండు మందారాలు, మిగతాది కూరపాదులు. నీళ్ళు బోరువి.

రిటైరైన కొత్తలో కరివేపాకు చిగుళ్ళు పసుపుపచ్చగా రావడం మొదలైంది. ఆకు పసుపైతే యూరియా వేయాలని ఎవరైనా చెబుతారు, నేనూ వేశాను. పచ్చబడలేదు. తర్వాత డీఏపీ మంచిదని విని రెండు నెలలకొక కిలో చొప్పున మూడేళ్ళు వేశాను. చెట్టు చావలేదు, బాగుపడనూ లేదు. నేను మాత్రం వీధిలో తోట తెలిసినవాడినని పేరు తెచ్చుకున్నాను. పెన్షనర్లకు ఈ పేరు సులభంగా వస్తుంది.

మా వీధి చివర ఒక తల్లీకూతుళ్ళు ఉంటారు. ఇంటి పక్కనే పది సెంట్లలో గుండుమల్లె. తెల్లవారకముందే మొగ్గ కోసి పూమార్కెట్టుకు పంపుతారు. ఇల్లు, చదువు అంతా దాని మీదే. 2023 వేసవిలో ఆ మల్లె చిగుళ్ళు కూడా పసుపు తిరిగాయి. ఆమె మా గేటు దగ్గర నిలబడి, "అన్నా, మీరు చదువుకున్నవారు, మల్లెకు ఏం వేయాలో చెప్పండి" అని అడిగింది. "డీఏపీ ఒక మూట వెయ్యమ్మా, ఆకు నల్లబడుతుంది" అన్నాను. మూట 1,350 రూపాయలు. ప్రతి ఏటా వేసే ఎరువు ఆమె వేళకు వేసే ఉంది. నేను చెప్పింది దాని మీద అదనం. రెండు నెలల్లో ఆకు నల్లబడకపోగా, పసుపు ముదిరి కొసలు తెల్లబారాయి. మొగ్గ తగ్గింది. ఆ సంవత్సరం ఆ ఇంట్లో ఫీజు కట్టడం ఆలస్యమైందని నాకు తర్వాత తెలిసింది.

మూట డబ్బు నేనిస్తానని వెళ్ళాను. "ఆ డబ్బు నాకొద్దన్నా. పాప మన్ను పరీక్ష చేయించాలంటోంది, దానికి ఎంతవుతుందో అది కట్టండి" అంది. అలా మొదలైంది.

ఏ ఆకు పసుపు?

ఆ అమ్మాయి ముందు నా పెరటికే వచ్చి కరివేపాకు చెట్టు చూసింది. "తాతా, కింది ఆకు పచ్చగానే ఉంది, పై ఆకే పసుపు. నత్రజని లేకపోతే కింది ఆకు కదా ముందు పోవాలి?" అని అడిగింది. మూడేళ్ళు ఆ చెట్టుకు నీళ్ళు పోశాను, ఈ తేడా ఒక్కసారీ చూడలేదు.

విషయం ఇది. నత్రజని మొక్కలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతుంది. కొరత వస్తే మొక్క తన ముదురు ఆకుల్లోని నత్రజనిని తీసి చిగురుకు పంపుతుంది. పాత బ్రాంచి నుంచి కొత్త బ్రాంచికి నగదు పంపినట్టు. అందుకే నత్రజని లోపంలో కింది ముదురు ఆకులు ముందు పాలిపోతాయి, ఆకు మొత్తం ఒకే తీరుగా లేతబారుతుంది. ఇనుము అలా కదలదు. ఒకసారి ఆకులో చేరితే అక్కడే ఉంటుంది. కాబట్టి ఇనుము అందకపోతే కొత్తగా వచ్చే చిగురే పసుపవుతుంది. దగ్గరగా చూస్తే ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య భాగం పసుపుగా వలలాగా కనిపిస్తుంది. ఇంకా ముదిరితే తెల్లబారుతుంది. మా రెండు తోటల్లోనూ ఉన్నది సరిగ్గా ఇదే.

అయితే ఆకు చూసి అనుమానించవచ్చుగాని తీర్పు చెప్పకూడదు. నీళ్ళు నిలిచినా, వేరు కుళ్ళినా, పురుగు పట్టినా ఆకు పసుపవుతుంది. మన్నును అడిగి చూడాలి.

ఇంట్లో చేయగలిగినవి

మొదట ఆ అమ్మాయి ఒక చెంచాడు ఎండిన మన్ను గాజు పళ్ళెంలో పోసి దాని మీద వంటింటి వెనిగర్ పోసింది. బుసబుసమని నురుగు వచ్చింది. మన్నులో సున్నం, అంటే కాల్షియం కార్బొనేటు ఉందని దాని అర్థం. ఆమ్లం తగలగానే బొగ్గుపులుసు వాయువు బుడగలుగా బయటికి వస్తుంది. స్కూలు ల్యాబులో పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, కాని అది ఉపాధ్యాయుల ముందే చేయాలి.

తర్వాత పి.హెచ్. ఇది మన్ను పులుపా, క్షారమా అని చెప్పే అంకె. 7 తటస్థం, దానికి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక వంతు మన్నుకు రెండున్నర వంతుల నీళ్ళు కలిపి, అరగంట అప్పుడప్పుడు కలియబెట్టి, తేరిన నీటిలో రంగు మారే కాగితం ముంచాలి. ఇక్కడ నేనొక సలహా ఇచ్చి మళ్ళీ చెడగొట్టాను. బోరు నీళ్ళే కలపమన్నాను. మా బోరు నీటిలోనే లవణాలు, బైకార్బొనేట్లు ఉన్నాయి. ఆ నీళ్ళతో కొలిస్తే మన్ను పి.హెచ్. కొలిచినట్టు కాదు, నీటిదీ మన్నుదీ కలిపి కొలిచినట్టు. బ్యాటరీలు అమ్మే షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి మళ్ళీ చేశాం. కాగితం రంగు 8కి పైనే చూపింది. కాగితం ఇంతకంటే కచ్చితంగా చెప్పలేదు.

మట్టిలో గుచ్చితే ముల్లు తిరిగే చిన్న మీటర్లు నర్సరీల్లో, ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. నేనూ ఒకటి కొన్నాను. ఒకే కుండీలో నీళ్ళు పోయకముందు ఒక అంకె, పోశాక ఇంకో అంకె చూపింది. ప్రస్తుతం మనవడి దగ్గర ఆటవస్తువుగా ఉంది. పోషకాల లెక్క కావాలంటే ల్యాబుకు పంపవలసిందే.

మన్ను తీయడం – అసలు పరీక్ష ఇదే

బ్యాంకులో ఆడిటరు వస్తే అన్ని ఓచర్లూ చూడడు, కొన్ని తీసి చూస్తాడు. మనమే మంచివి ఏరి అతని ముందు పెడితే ఆడిట్ రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది, బ్యాంకు మాత్రం మునుగుతుంది. నేను నా పెరట్లో చేసింది అదే. తవ్వడానికి మెత్తగా ఉన్నచోట, కుళాయి పక్కన, మా ఇంటావిడ కూరల తొక్కలు పోసే గుంట అంచున దోసెడు మన్ను తీసి ల్యాబుకు పంపాను. రిపోర్టులో సేంద్రియ కర్బనం నూటికి 1.1 వచ్చింది. అన్నీ 'ఎక్కువ'. రిపోర్టు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, మన నేలకు ఏ లోటూ లేదని చెప్పాను. ఆ అమ్మాయి కాగితం చూడకుండానే, "ఎక్కడ తవ్వారు తాతా?" అని అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు. మళ్ళీ తవ్వాం.

నియమాలు చాలా తేలిక, పాటించడమే కష్టం. ఎరువుగుంట, గట్టు, కాలువ, చెట్టు మొదలు, గోడ పక్కన తీయకూడదు. ఎరువు వేసిన మూడు నెలల లోపల తీయకూడదు. మల్లెకు నవంబరు ఆఖరులో కొమ్మలు కత్తిరిస్తారు, కొత్త ఎరువు ఇంకా వేసి ఉండరు, అది మంచి సమయం. తోటంతా అడ్డదిడ్డంగా నడుస్తూ పది పన్నెండు చోట్ల తీయాలి. ప్రతిచోటా పైన ఉన్న ఆకు, చెత్త పక్కకు నెట్టి, 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీయాలి. ఆ గుంట గోడ నుంచి పై నుంచి కింది దాకా ఒకే మందంలో, రెండు వేళ్ళ వెడల్పున పెచ్చుగా మన్ను తీయాలి. పై మట్టి ఎక్కువ, అడుగు మట్టి తక్కువ పడితే లెక్క మారిపోతుంది. పెద్ద పండ్ల చెట్లకైతే ఇంకా లోతున, ఒక్కో అడుగు లోతుకు ఒక్కో నమూనా విడిగా తీస్తారు.

ఇనుము, జింకు కూడా చూడాలనుకుంటే తుప్పు పట్టిన పార, జింకు పూత బకెట్టు వాడకూడదు. మనం వెతికే వస్తువు పనిముట్టు నుంచే మన్నులో చేరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె, ప్లాస్టిక్ బకెట్టు చాలు. అలాగే పాత ఎరువు సంచిలో మన్ను పోసి పంపకూడదు.

అన్నిచోట్ల తీసినది కలిపి, గుడ్డ మీద గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయాలి. మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేయాలి. అర కిలో మిగిలేదాకా ఇలాగే. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి. సంచిలో పోసి పేరు, చోటు, తేదీ, ఏ మొక్క, ఇంతకుముందు ఏ ఎరువు వేశాం అన్నది రాసి పెట్టాలి.

ఆ అమ్మాయి ఇంకొక మంచిపని చేసింది. వాళ్ళ మల్లెతోటలో పాత పశువుల పాక ఉండిన వైపు ఒక రెండు వరసలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అక్కడిదీ, పసుపు పట్టిన చోటిదీ కలపకుండా రెండు నమూనాలుగా పంపింది. రెండూ కలిపి పంపి ఉంటే సగటు వచ్చేది. సగటు ఏ మొక్కదీ కాదు.

ల్యాబులో ఏం చేస్తారు?

చాలామంది ల్యాబువారు మన్నులో ఉన్నదంతా కొలుస్తారనుకుంటారు. కాదు. పాసుబుక్కులో మొత్తం నిల్వ ఒకటి, అందులో మనం ఇవాళ డ్రా చేసుకోగలిగింది ఇంకొకటి ఉంటుంది. బయటూరి చెక్కు వేస్తే నిల్వలో కనిపిస్తుంది, కాని సొమ్ము రానిదే డ్రా చేయనివ్వం. దీన్ని లెడ్జర్ బ్యాలెన్సు, క్లియర్ బ్యాలెన్సు అంటాం. ఈ తేడా తెలియక కౌంటరు దగ్గర గొడవపడినవారిని ముప్పై ఏళ్ళు చూశాను. మొక్కకు కావలసింది క్లియర్ బ్యాలెన్సు. అందుకని ల్యాబులో, వేరు తీసుకోగలిగినంత పోషకాన్నే సుమారుగా లాగే ద్రావణాలు వాడతారు.

నత్రజనికి మన దేశంలో ఎక్కువగా వాడే పద్ధతి 1956లో సుబ్బయ్య, అసీజా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రచురించినది. పొటాషియం పర్మాంగనేటు, క్షారం కలిపి మన్నును మరిగిస్తే సులభంగా విడిపోయే నత్రజని అమ్మోనియాగా వస్తుంది, దాన్ని పట్టి కొలుస్తారు. మనలాంటి క్షార నేలల్లో భాస్వరానికి, 1954లో అమెరికాలో ఓల్సెన్, ఆయన సహచరులు చెప్పిన బైకార్బొనేటు ద్రావణం వాడతారు. లాగిన భాస్వరానికి మందులు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. పొటాష్‌ను మంటలో దాని వెలుగు చూసి కొలుస్తారు. ప్లస్ టూ రసాయన శాస్త్రం చదివేవారికి ఇవన్నీ పుస్తకంలో కనిపించే పేర్లే. ఒకసారి ల్యాబుకు వెళ్ళి చూస్తే బట్టీ పట్టే పని ఉండదు.

ఇప్పుడు ఇనుము సంగతి. ఇది లెక్కలు ఇష్టపడే పిల్లలకోసం. ఒక హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. 15 సెంటీమీటర్ల లోతుకు 1,500 ఘనపు మీటర్ల మన్ను. దాని బరువు సుమారు 22 లక్షల 40 వేల కిలోలుగా లెక్కిస్తారు. అందులో నూటికి 3 వంతులు ఇనుము అనుకుందాం. నేలల్లో అది మామూలే. 67,200 కిలోలు! అంటే 67 టన్నుల ఇనుము మన కాళ్ళ కిందే ఉంది. కాని మొక్కకు అందే ఇనుము పది లక్షల వంతుల్లో 4.5 వంతులు ఉంటే చాలని సాధారణంగా లెక్క. సున్నపు నేలల్లో కొంత ఎక్కువ కావాలి. 4.5ను 2.24తో హెచ్చిస్తే హెక్టారుకు సుమారు 10 కిలోలు. 67 టన్నుల నిల్వలో డ్రా చేసుకోవలసింది 10 కిలోలే, అదీ రావడం లేదు! కారణం పి.హెచ్. ఈ అంకె ఒకటి పెరిగితే, నీటిలో కరిగే ఫెర్రిక్ ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. సున్నం ఉన్న నేలలో పి.హెచ్. 8 దాటి నిలబడి ఉంటుంది కాబట్టి ఇనుము తుప్పుగా బిగుసుకుని ఉంటుంది. మా చిన్నప్పుడు నిమ్మచెట్టు మొదట్లో పాత మేకులు పాతేవారు. 67 టన్నులున్న ఖాతాలో ఇంకో పావుకిలో వేసినట్టన్నమాట.

భాస్వరం దీన్ని ఇంకా చెడగొడుతుంది. మితిమీరిన భాస్వరం ఇనుము, జింకు మొక్కకు అందకుండా అడ్డుపడుతుంది. నా పెరటి లెక్క చూడండి. మూడేళ్ళలో 18 కిలోల డీఏపీ. మూట మీద 18-46 అని ఉంటుంది, 18 నత్రజని, 46 ఫాస్ఫేటు. 18 కిలోల్లో 46 శాతం 8.28 కిలోలు. రెండు సెంట్ల మీద, అంటే సెంటుకు 4.14 కిలోలు. హెక్టారుకు 247 సెంట్లు, కాబట్టి హెక్టారు లెక్కన వెయ్యి కిలోల పైచిలుకు. ఏ రైతూ ఇలా వేయడు. వేయాలన్నా డబ్బుండదు. పెరటి తోటల్లోనే ఇది జరుగుతుంది, ఎందుకంటే కిలో ఎరువు మనకు చిన్నదిగా కనిపిస్తుంది.

రిపోర్టు చదవడం

మల్లెతోట రిపోర్టులు వచ్చాయి. పసుపు పట్టిన చోట పి.హెచ్. 8.4, సేంద్రియ కర్బనం నూటికి 0.42, నత్రజని హెక్టారుకు 190 కిలోలు, భాస్వరం 61, పొటాష్ 520, ఇనుము 2.8. పచ్చటి వరసల్లో పి.హెచ్. 8.1, కర్బనం 0.9, ఇనుము 6.1. మిగతావి దగ్గరదగ్గరగా ఉన్నాయి.

ఈ అంకెలకు కొలబద్దలు ఉంటాయి. సేంద్రియ కర్బనం 0.5కు తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు తక్కువ. భాస్వరం 25 దాటితే ఎక్కువ. పొటాష్ 280 దాటితే ఎక్కువ. రాష్ట్రాన్ని బట్టి ఈ గీతలు కొద్దిగా మారుతాయి, మీ రిపోర్టు వెనక అచ్చువేసినవే పాటించండి. ఇంకొక చిక్కు ఉంది. కొన్ని రిపోర్టుల్లో భాస్వరం మూలకంగా ఇస్తారు, కొన్నింటిలో ఎరువు మూట మీద రాసే ఫాస్ఫేటు రూపంలో ఇస్తారు. మొదటిదాన్ని 2.29తో హెచ్చిస్తే రెండోది వస్తుంది. రూపాయలూ డాలర్లూ కలిపి కూడినట్టు ఈ రెండూ కలపకండి.

మల్లెతోటలో నత్రజని కూడా తక్కువే. యూరియా బొత్తిగా అక్కరలేదని కాదు. ఆమె వేళకు వేస్తున్న యూరియాతో ఆ లోటు గడిచిపోతోంది, పని ఆగింది ఇనుము దగ్గర. లోన్ ఫైలులో తొమ్మిది కాగితాలు ఉండి పదోది లేకపోతే లోను శాంక్షను కాదు. ఉన్న తొమ్మిదింటికి రెండేసి జిరాక్సులు ఇచ్చినా కాదు. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇదే: అన్నింటికంటే తక్కువగా ఉన్న పోషకమే పంటను నిర్ణయిస్తుంది. నేను చెప్పిన డీఏపీ, ఉన్న కాగితానికి జిరాక్సు.

పచ్చటి వరసలకు రహస్యం పశువుల పాక. ఏళ్ళ తరబడి పడిన పేడ వల్ల కర్బనం రెండింతలు ఉంది. కుళ్ళిన సేంద్రియ పదార్థం ఇనుమును పట్టి, కరిగే రూపంలో వేరుకు అందిస్తుంది. అంతే. ఒకే తోట, ఒకే నీళ్ళు, ఒకే చేతి ఎరువు. రెండు నమూనాలు విడిగా తీయబట్టి కారణం బయటపడింది.

చికిత్స చిన్నది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ, ఆకు పచ్చబడేదాకా నెలకొకసారి. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు, లేత ఆకుపచ్చ పలుకులు. గోధుమరంగు తిరిగినది పనికిరాదు, అది అప్పటికే తుప్పు. నేలలో వేస్తే సున్నం మింగేస్తుంది కాబట్టి ఆకు మీదే కొట్టాలి. దానితోపాటు డీఏపీ పూర్తిగా ఆపి, నత్రజనికి యూరియా కొద్దికొద్దిగా, మొదళ్ళలో బాగా కుళ్ళిన పశువుల ఎరువు. ఆ అమ్మాయి మొదటి పిచికారీ సగం వరసలకే చేయించింది. వాళ్ళమ్మ కోప్పడింది. రెండు వారాలకు కొట్టిన వరసలు పచ్చబడి కొట్టనివి పసుపుగానే ఉంటే, అప్పుడు మిగతావాటికీ కొట్టారు. 2024 మార్చికి మొగ్గ వచ్చింది. మునుపటంత కాదు, ఇంటి ఖర్చుకు సరిపడా వచ్చింది. నా పెరట్లో రెండోసారి సరిగ్గా తీసిన మన్నులో భాస్వరం 88. అది దిగడానికి చాలా ఏళ్ళు పడుతుందట. నేను డీఏపీ కొనడం మానేశాను.

ఇతర ఊళ్ళవారికి

మన సభ్యులు చాలా రాష్ట్రాల్లో ఉన్నారు. నేను రాసింది చూసి అందరూ అన్నభేది కొనవద్దు. షోలాపూరు నల్లనేల మా నేలకు చుట్టం, అక్కడ ఇదే వరస ఉండవచ్చు. బెంగళూరు, హోసూరు ఎర్రనేలల్లో చాలాచోట్ల పి.హెచ్. 7కు తక్కువ. బరంపురం వైపున్న ఆమ్లపు ఎర్రనేలల్లో కథ తలకిందులు. అక్కడ ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని బిగించి పట్టుకుంటాయి, నేలకు సున్నమే మందు. ఇక్కడ సున్నం రోగం, అక్కడ సున్నం వైద్యం. యానాం గోదావరి ఒండ్రు, సముద్రం దగ్గర. అక్కడివారు రిపోర్టులో మొదట లవణాల అంకె, అంటే విద్యుత్ వాహకత చూడాలి. అది 1కి లోపు ఉంటే మామూలు మొక్కలకు భయం లేదు.

పరీక్ష ఎక్కడ అని అడుగుతారు. జిల్లా మన్ను పరీక్ష కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాల ల్యాబులు ఉన్నాయి. పొలం ఉన్నవారికి 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకం ఉంది. అందులో పి.హెచ్. మొదలు బోరాన్ దాకా 12 అంశాలు చూస్తారు. పెరటివారు ఫీజు కట్టి చేయించుకోవాలి. ఇనుము, జింకు లాంటి సూక్ష్మపోషకాలకు విడిగా అడగాలి. అడగకపోతే చాలాచోట్ల నత్రజని, భాస్వరం, పొటాష్‌తో సరిపెడతారు, మాకైతే అది పనికొచ్చేది కాదు. కోయంబత్తూరు దగ్గరివారు వీలైతే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 1909లో మొదలైన శాశ్వత ఎరువుల ప్రయోగం గురించి అక్కడి ఉపాధ్యాయులను అడగండి. ఒక్కో మడికి ఏటేటా ఒకే తీరు ఎరువు వేస్తూ నూరేళ్ళు దాటించారు. స్కూలు ప్రాజెక్టుకు అంతకంటే మంచి విషయం దొరకదు.

చివరగా అభ్యాసం. ఒకటి: మీ ఇంటి పెరడు 2 సెంట్లు. హెక్టారుకు 25 కిలోల జింక్ సల్ఫేటు వేయమని రిపోర్టులో ఉంది. మీరు ఎన్ని గ్రాములు వేయాలి? రెండు: రిపోర్టులో భాస్వరం పది లక్షల వంతుల్లో 10 వంతులు అని ఉంది. హెక్టారుకు ఎన్ని కిలోలు, ఆ నేల తక్కువా ఎక్కువా? మూడు: ఒక తోటలో ముదురు ఆకులు పసుపు, చిగుళ్ళు పచ్చన. ఇంకొక తోటలో చిగుళ్ళు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన. రెండింటి యజమానులూ యూరియా మూటతో నిలబడి ఉన్నారు. ఎవరిని ఆపుతారు, ఏమని చెబుతారు? జవాబులు ట్రస్టు ఆఫీసుకు పంపండి. మన్ను తీసినవారు, ఏ చోట్ల తవ్వారో చూపే పటం కూడా గీసి పంపండి. నేను ముందు అదే చూస్తాను.